బ్రేకుల్లేని బండి

నా పేరు నారప. ముప్పై ఒక్క ఏళ్లు లారీ తోలాను. అన్నేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వలేదని బళ్లారి పక్క మా తెక్కలకోటలో ఎవరిని అడిగినా చెబుతారు. అడగకపోయినా నేనే చెబుతాను. అలాంటి నేను పోయిన ఏడాది, బ్రేకుల్లేని బండి ఒకటి సొంత డబ్బుతో కొని, అందులో తొమ్మిది నెలల పిల్లను కూర్చోబెట్టాను. ఎవరి పిల్లనో కాదు, నా మనవరాలు మంజుశ్రీనే.

దాన్ని వాకర్ అంటారు. మీరు చూసే ఉంటారు. గుండ్రటి ప్లాస్టిక్ చట్రం, మధ్యలో గుడ్డ సీటు, కింద ఎనిమిది చిన్న చక్రాలు, ముందు పాటలు పాడే పళ్లెం. బళ్లారిలో కొట్టు బయట వేలాడుతుంటే చూశాను. ఎర్ర రంగు. రంగు చూసి మోసపోయాననుకోండి, అంతకంటే వేరే కారణం చెప్పుకోలేను. కొట్టువాడు దాన్ని నేల మీద పెట్టి వేలితో తోస్తే నున్నగా జారిపోయింది. బేరింగులు బాగున్నాయని మెచ్చుకున్నాను కూడా. బ్రేకు ఎక్కడుందని అడగలేదు. లారీ కొనేటప్పుడు మొదట అడిగే ప్రశ్న అది.

మా ఇంటి సంగతి చెప్పాలి. నా కొడుకు వివేక్ తోరణగల్లులో స్టీలు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడే రూము, ఆదివారాలు వస్తాడు. కోడలు హారతి సిరుగుప్పలో ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కల టీచరు. పొద్దున ఏడున్నర బస్సుకు పోతే సాయంత్రం అయిదున్నరకు దిగుతుంది. మా ఆవిడ నాగలక్ష్మమ్మకు పొలమే లోకం. నాకు మోకాళ్లు అరిగిపోయి లారీ అమ్మేశాం. ఇంట్లో పని లేకుండా ఉన్నది నేనొక్కణ్నే. అందుకని పగలంతా పిల్ల నా దగ్గరే.

ఆ పిల్ల నా దగ్గరుండడం నాకెంత కావాలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. వివేక్ నడక నేర్చిన రోజు నేను పూణే దారిలో బియ్యం లోడుతో ఉన్నాను. ఇరవై రెండు రోజుల తర్వాత ఇల్లు చేరితే వాడు పరుగెత్తుతున్నాడు. నన్ను చూసి ఏడ్చుకుంటూ వాళ్లమ్మ చీర వెనకాల దాక్కున్నాడు. నేను క్యాబిన్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. కొడుకు మొదటి అడుగు నాకు దక్కలేదు, మనవరాలిదైనా చూడాలి. నాకున్న ఆశ అదొక్కటే.

దానికి అడ్డం ఒకటుంది. వివేక్‌కు కంపెనీ క్వార్టర్సు వచ్చేలా ఉంది. భార్యనూ బిడ్డనూ అక్కడికి తీసుకుపోతానంటున్నాడు. హారతికి ఉద్యోగం మానడం ఇష్టం లేదు. "పాప మామ దగ్గర బాగుంటే నేను ఈడే ఉంటాను, లేదంటే వస్తాను" అని మొగుడితో తెగేసి చెప్పింది. అంటే అంతా నా మీదే ఉంది. పిల్ల నా దగ్గర బాగుందని రుజువు కావాలి. బాగుండడమంటే తొందరగా నడవడమేనని నా బుర్రకు తోచింది. అందుకే ఆ వాకర్.

హారతికి అది చూడగానే మొహం మాడిపోయింది.

"ఎందుకు మామా ఇది? నేల మీద ఆడుకోనీండి."

"కాళ్లు గట్టిపడతాయి తల్లీ. నీ బిడ్డ నెలలోపల నడస్తాది చూడు."

"కెనడాలో వీటిని అమ్మకూడదని చట్టమే ఉండాది మామా. దొర్లిపోయి మెట్ల మీద పడతాండారని."

"కెనడాలో ఇండ్లకు గడపలు ఉండవేమో. మన గడప దాటల్లంటే ట్రాక్టరు కావల్ల."

ఆమె నవ్వింది. నవ్వు రావడంతో నేను గెలిచాననుకున్నాను. బస్సు టైమవుతోంది. "మీరు చేతికందే దూరంలో ఉంటారా?" అని అడిగింది. "ఉంటా" అన్నాను. మాట ఇచ్చాను.

మంజు ఆ బండెక్కి హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాలుకు ట్రిప్పులు కొట్టడం మొదలుపెట్టింది. మునివేళ్లతో నేలను తన్నడం, బండి సర్రున పోవడం, గోడకు తగిలి ఆగడం, కిలకిలా నవ్వడం. నాకు ప్రాణం లేచొచ్చేది. రోజుకు గంటనుకున్నది రెండయింది, మూడయింది. దింపి నేల మీద బోర్లా వేస్తే గొంతు చించుకుని ఏడ్చేది. అంతకుముందు బోర్లా పడి ముందుకు పాకాలని పొట్టతో పెనుగులాడే పిల్ల, ఇప్పుడు నేలంటేనే గిట్టనట్టు చేతులు చాచేది. నడకంటే ఇష్టం, పాకే రకం కాదు అని నేను నాగలక్ష్మమ్మకు గొప్పగా చెప్పాను. "పాకకుండా నడిసే పిల్ల యాడుంటాదయ్యా" అని ఆమె పొలానికి పోయింది.

తొమ్మిదో నెల టీకాకు గురువారం నాడు నేనే తీసుకుపోయాను. నర్సమ్మ పక్కీరమ్మ మాకు రెండు సందుల అవతలే ఉంటుంది. మాటల్లో కన్నడం కలుస్తుంది, నన్ను అజ్జా, అంటే తాతా, అని పిలుస్తుంది. సూది వేసి, పిల్లను చంకల కింద పట్టి బల్ల మీద నిలబెట్టి చూసింది. మంజు వేళ్ల కొసల మీద నిలబడింది.

"అజ్జా, ఇంట్లో వాకర్ ఉండాదా?"

"ఉండాది. యెట్ల కనుక్కుంటివి?"

"మడమలు చూడు, ఆనడంల్యా. ఎంతసేపు కూచోబెడతాండావు?"

"అర్ధ గంట" అన్నాను. ఆ అర్ధ గంట ఎక్కడ నుంచి పుట్టిందో నాకే తెలియదు.

"సరి ఇల్ల అజ్జా, అది మంచిది కాదు. ఆ పళ్లెం అడ్డమయి పాపకు తన కాళ్లు తనకే కనపడవు. కాలు యాడ పెడితే ఏమయితాదో చూసుకోకుండా నడక యెట్ల వస్తాది? పడల్ల, లేయల్ల, నడుము గట్టిపడల్ల. దాంట్లో పడేదీ లేదు, లేసేదీ లేదు. సుమ్నె నేల మీద బిడు, ఊరికే వదిలేయి."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఒక్క ఏళ్లు చక్రాల మీద బతికినవాడికి చక్రాల సంగతి చెప్పొచ్చింది అనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చీ రాగానే పిల్లను మళ్లీ వాకర్లో పెట్టాను, ఎవరి మీదో పంతం తీర్చుకున్నట్టు.

మరునాడు శుక్రవారం.

కోతల రోజులు. మా వీధిలో ఎవరి వాకిట్లో చూసినా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆరిన వడ్లను మూటల్లో నింపి, బేరగాడు వచ్చేదాకా మేం ముందు హాల్లోనే పేర్చుకుంటాం. మా ఇంటికి మూడు మెట్లు, పైన రాతి గడప. మూటలను రెండు చక్రాల తోపుడుబండి మీద లోపలికి తేవాలంటే ఇవన్నీ అడ్డం. అందుకని మా పాత లారీ వెనక డాలాను, అంటే ఆ వెనకపక్క తలుపు చెక్కను, గడప మీంచి వాకిట్లోకి ఏటవాలుగా వేస్తాం. లోపలి వైపు చిన్న పలక ఒకటి ఆనిస్తాం. పది పదిహేను రోజులు అది అలాగే ఉంటుంది. ఒక్క శుక్రవారం పొద్దున మాత్రం తీయాలి. గడప కడిగి పసుపు కుంకుమ పెట్టందే నాగలక్ష్మమ్మ పచ్చి నీళ్లు ముట్టదు. పూజ అయ్యాక హమాలి హులిగెప్ప వచ్చి మళ్లీ వేస్తాడు.

డాలా వేసి ఉన్నన్ని రోజులు నేను పిల్లను వంటింటి వైపే తిప్పాను. అంత తెలివి ఉంది నాకు. శుక్రవారం పొద్దున చూస్తే గడప పసుపుతో మెరుస్తూ అడ్డంగా ఉంది. ఈ పూట దిగుల్లేదని మంజును హాల్లో వదిలాను. చాప మీద కూర్చుని కందులు ఏరుతున్నాను. వాకిట్లోంచి హులిగెప్ప గొంతు వినిపించింది.

"అన్నా, పూజ అయినట్టుండాది. డాలా వేస్తా."

"వెయ్యప్పా" అన్నాను.

తల ఎత్తకుండానే అన్నాను. అతను చిన్న పలక ఆనించాడు, డాలా వేశాడు, తోపుడుబండి కోసం పక్కకు పోయాడు. అతని తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు. అడిగాడు, నేను వెయ్యమన్నాను. నా కళ్లలో మాత్రం ఇంకా పసుపు పూసిన గడపే ఉంది.

వాకిట్లో నాగలక్ష్మమ్మ కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. మంజు అవ్వను చూసింది. రెండు కాళ్లతో ఒక్క తన్ను తన్నింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇది అందరూ నమ్మాలి, నేను నిద్రపోలేదు, ఫోను చూడలేదు, పిల్లనే చూస్తున్నాను. నాకూ పిల్లకూ నడుమ నాలుగడుగులు. అటు పోతోంది, గడప దగ్గర ఆగుతుంది అనుకున్నాను. చిన్న పలక ఎక్కింది. అప్పుడు లేచాను. నా మోకాలు సగంలో ఉండగానే బండి గడప మీద ఉంది. నా చెయ్యి చాచేలోపల డాలా మీంచి కిందికి పోయింది. పాట పాడుతూ పోయింది ఆ దిక్కుమాలిన బండి.

కింద ముందు చక్రాలు వడ్లలో దిగబడి ఆగిపోయాయి. వెనక చక్రాలు గాలిలో లేచాయి. మంజు వాకర్‌తో సహా బోర్లా తిరిగి మొహం వడ్లలో పెట్టింది. ఏడుపు లేదు.

ఆ ఏడుపు లేని క్షణంలో నా ప్రాణం సగం పోయింది. ఎలా దిగానో తెలియదు, పిల్లను లాగి తలకిందులుగా చేతి మీద వేసుకున్నాను. నోట్లో ఉన్నవాటిని వేలితో తీశాను, నాలుగైదు గింజలు. తర్వాత ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను జీవితంలో వినలేదు. నాగలక్ష్మమ్మ నన్ను తిడుతోంది, హులిగెప్ప నీళ్లు తెచ్చాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను ఎత్తుకుని పక్కీరమ్మ దగ్గరికి పోయాను.

ఆమె తల తడిమింది, కళ్లు చూసింది, చేతులు కాళ్లు కదిలించి చూసింది, గొంతు చూసింది. "వడ్లు ఉండబట్టి బతికింది అజ్జా. ఒట్టి బండలయ్యింటే నేను చూసేదానికి ఏమీ ఉండేది కాదు. వాంతి అయితేనో, మత్తుగా పడుకుంటేనో నిలబడొద్దు, బళ్లారికి పో" అంది. నిన్న చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం బాగుండేది.

ఇంటికొచ్చాక నాగలక్ష్మమ్మ పిల్లకు పాలు పట్టించి, నా ఎదురుగా కూర్చుంది.

"హారతికి చెప్పద్దు."

"ఏంది?"

"పాప బాగుండాది. చెప్తే ఆ పిల్ల ఇంగ ఒక్క దినం ఈడుండదు. తోరణగల్లుకు ఎత్తకపోతాది. నువ్వు ఆ మూల కూచోని నెత్తి పట్టుకుంటావు. ఎవురు చూసొచ్చినారు? హులిగెప్ప చెప్పడు, పక్కీరమ్మ చెప్పదు. చెంప మీద ఎర్రగా ఉండేది వడ్ల నస, వడ్ల దుమ్ముకు దురద పుట్టింది అంటే సరిపోతాది."

సరేనన్నాను. సరేననడానికి నాకు కష్టం కూడా కలగలేదు. సాయంత్రం దాకా ఆ మాటలే మనసులో వల్లించుకున్నాను. వడ్ల నస. వాకిట్లో కూర్చోబెట్టినాము. కొబ్బరినూనె రాసినాము. ముప్పై ఒక్క ఏళ్లలో చెక్‌పోస్టుల దగ్గర ఎన్ని కథలు చెప్పలేదు నేను? ఒక్కటీ తడబడలేదు.

హారతి అయిదున్నరకు వచ్చింది. చెంప చూసి అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాగలక్ష్మమ్మ వడ్ల నస అనేసింది. హారతి నమ్మింది. నూనె తెచ్చి బిడ్డ చెంపకు రాస్తూ, అలవాటుగా అన్నట్టు అంది.

"మీరుండబట్టి నేను నిమ్మళంగా పోతాండా మామా. మా స్కూల్లో ఒగామె బిడ్డను పక్కింట్లో వదిలొచ్చి, గంటకోతూరి ఫోను చేస్తాది పాపం. నాకా బాధ లేదు."

తిట్టినా తట్టుకునేవాణ్ని. అది తట్టుకోలేకపోయాను.

"నస కాదు తల్లీ" అన్నాను. నాగలక్ష్మమ్మ నా వైపు ఉరిమి చూసింది. అయినా మొత్తం చెప్పాను. మూడు గంటలు కూర్చోబెట్టిన సంగతి, పక్కీరమ్మ చెప్పింది విననిది, వెయ్యప్పా అన్నది, నోట్లోంచి తీసిన గింజలు. హారతి చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది.

"చేతికందే దూరంలో ఉంటానన్నారు."

"ఉన్న్యా తల్లీ. చూస్తానే ఉన్న్యా. అందలే."

ఆమె బిడ్డను ఎత్తుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఫోనులో వివేక్‌తో మాట్లాడడం వినిపించింది, మాటలు మాత్రం అర్థం కాలేదు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నాగలక్ష్మమ్మ నాతో మాట్లాడలేదు. తన మనవరాలు కూడా పోతుందని ఆమె బాధ, అది నాకు తెలుసు.

తెల్లవారి లేచి పానాలు పట్టుకున్నాను. వాకర్ చక్రాలు ఎనిమిదీ ఊడదీశాను. మూటలు మోయడానికి వచ్చిన హులిగెప్ప చూసి, "పారేసేదయితే నాకియ్యన్నా, మా మనవడు ఏడో నెలలో ఉండాడు" అన్నాడు. ఇవ్వనన్నాను. బ్రేకుల్లేని బండిని ఇంకొకరికి అంటగట్టే అలవాటు నాకు లేదు. పిసినారి అనుకున్నాడేమో, మొహం ముడుచుకున్నాడు. కూర్చోబెట్టి ఎందుకో చెప్పాను. నిన్న కళ్లారా చూసినవాడు కాబట్టి తల ఊపాడు.

హారతి బిడ్డనెత్తుకుని బయటికొచ్చింది. భుజాన బడి సంచి ఉంది. బట్టల సంచి కోసం వెతికాను, కనపడలేదు.

"మామా, ఒకటి అడుగుతా. మీరు చెప్పకపోయింటే నాకు తెలిసేదా?"

"లేదు తల్లీ."

"రేత్రంతా మీ మీద కోపంగానే ఉన్న్యా. ఇప్పుడూ ఉండాది. కానీ తోరణగల్లులో ఇంకో బడిలో చేరి పాపను ఎవరి దగ్గర వదిలినా, వాళ్లు చెప్పిందే నేను నమ్మల్ల. మీరు చెప్పనక్కర లేనిది చెప్పినారు." బడి సంచి భుజం మీదికి లాక్కుంది. "పాపను నేల మీద వదలండి. హాల్లో కాదు, లోపలింట్లో. నేను బస్సుకు పోతాండా."

చాప పరిచి బిడ్డను బోర్లా పడుకోబెట్టి పోయింది. మంజు తల ఎత్తి వాళ్లమ్మ పోయిన వైపు చూసి, ఊరంతా వినేలా ఏడుపు అందుకుంది. నేనూ ఆ పక్కనే బోర్లా పడుకున్నాను. అరవై మూడేళ్లవాణ్ని. నాగలక్ష్మమ్మ వచ్చి చూసి, "ఇద్దురూ ఇద్దురే" అని మళ్లీ నాతో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి నెలలు నా జీవితంలో అన్నిటికన్నా బాగున్న నెలలు. ఇందులో నాకు సందేహం లేదు. పది రోజులు ఏడ్చింది. పదకొండో రోజు నేల మీద చేతులు ఆనించి, పొట్ట లేపి, ముందుకు రాబోయి వెనక్కి పోయింది. ముందు గేరు తెలియకముందే నా మనవరాలికి రివర్సు వచ్చింది. వారానికి ముందుకూ వచ్చింది. బిందెల నడుమ దూరింది, మంచాల కింద దూరింది, చీమలు పట్టుకుని నాకు చూపించింది. పడింది, లేచింది, నుదురు కొట్టుకుంది. మడమలు నేలకు ఆనాయి. సంక్రాంతికి నడవలేదు, ఏడాది నిండినా నడవలేదు. ఊళ్లో వాళ్లు అడిగితే, ఆ పిల్ల టైము ఆ పిల్లది, మీకేం పని అని కసిరాను. క్వార్టర్సు వచ్చినా హారతి ఇంకో ఏడాది ఆగమంది. వివేక్ గొణిగాడు, ఆగాడు.

ఏప్రిల్లో ఒక పొద్దున, ఎండ ఇంకా ముదరకముందు, లోపలింట్లో మంచం కోడు పట్టుకుని మంజు నిలబడి ఉంది. నేను చాప మీద ఉన్నాను. నాగలక్ష్మమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది. మంజు నన్ను చూసింది. కోడు వదిలింది. ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి నా మెడ మీద పడింది. ఎవరూ తోయలేదు, ఏ బండీ మోయలేదు. నేను మంజును పట్టుకుని ఏడ్చాను. క్యాబిన్లోకి పోవాల్సిన పని లేకుండా, మా ఆవిడ ముందే ఏడ్చాను. ఆమె చేట పక్కన పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. హారతికి ఫోను చేద్దామని తీశాను. క్లాసులో ఉంటుంది. పేరు మీద వేలు పెట్టి, మళ్లీ జేబులో పెట్టేశాను.

సాయంత్రం బస్సు హారను వినపడగానే మంజు వాకిలి వైపు తిరిగింది. హారతి లోపలికి వచ్చి సంచి దించకముందే పిల్ల నా చెయ్యి వదిలేసింది. ఈసారి అయిదు అడుగులు. హారతి అక్కడే చతికిలబడి రెండు చేతులూ చాచింది. సంచిలోంచి పిల్లల నోటు పుస్తకాలు జారి కింద పడ్డాయి. బిడ్డ తల మీద మొహం ఆనించి ఎంతోసేపు అలాగే ఉంది. తర్వాత నా వైపు చూసింది.

"మామా, ఇదేనా మొదటిసారి? పొద్దున గాని నడిసిందా?"

నేను అబద్ధం చెప్పనని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకం మీదే బిడ్డ మా ఇంట్లో ఉంది. నాగలక్ష్మమ్మ ఏదో చెప్పబోయింది. నేను ఆమె వైపు ఒక్క చూపు చూశాను.

"ఇదేనమ్మా" అన్నాను. "నీ కోసమే పెట్టుకున్నట్టుండాది."

"అవును, ఇదే" అని నాగలక్ష్మమ్మ టీ పెట్టడానికి లేచింది.